ఎడమ చెవి పని మానేశాక

తల తిరగడం కన్నా, తిరిగింది ఆగకపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. కళ్ళు మూసుకున్నా గది కుడివైపుకి గిర్రున పోతూనే ఉంది. తల కాస్త కదిపితే వాంతి. లేచి నిలబడితే ఎడమవైపుకి తూలిపోతున్నాను. పైత్యం చేసిందేమోనని మా అత్తయ్య జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చారు, అవీ నిలవలేదు. ఇక లాభం లేదని మా ఆయన ఆటో పిలిచి, చెన్నై టీ నగర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరుగారు ముందు చెవి జోలికే పోలేదు. మాట తడబడుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, చెయ్యీ కాలూ పట్టు తప్పుతున్నాయా అని అడిగారు. చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చినా ఇలాగే ఉంటుందట. ఆ తర్వాత నా తలను రెండు చేతులతో పట్టుకుని, "నా ముక్కునే చూస్తూ ఉండమ్మా" అని చటుక్కున ఎడమకి తిప్పారు, చాలా కొంచెమే. నా చూపు జారిపోయి, మళ్ళీ ఎగిరి ఆయన ముక్కు మీదికి వచ్చింది. కుడికి తిప్పితే జారలేదు. ఎడమ చెవి నుంచి బ్యాలెన్స్ కబురు మోసే నరం వాచిందన్నారు. ఇంతగా తిరుగుతున్న మనిషికి ఆ పరీక్షలో చూపు జారకపోతేనే మెదడును అనుమానించాలట. 1988లో సిడ్నీకి చెందిన హల్మాగీ, కర్తోయిస్ దీన్ని వివరించారని తర్వాత చదివాను. యంత్రం అక్కర్లేని ఈ పరీక్షంటే నాకు ఇప్పటికీ గౌరవం. వినికిడి పరీక్ష మామూలుగానే వచ్చింది. జబ్బు పేరు వెస్టిబ్యులర్ న్యూరైటిస్. అంతకు ముందు వారమే నాకు జలుబూ జ్వరమూ వచ్చి తగ్గాయి. చాలామందిలో దీనికి వైరసే కారణమని అనుకుంటారట.

కాస్త తేరుకున్నాక చెవిలో నీళ్ళు పోసే పరీక్ష చేశారు. కళ్ళకు కెమెరా ఉన్న నల్లటి అద్దాలు పెట్టి, ఒకసారి 30 డిగ్రీల నీళ్ళు, ఇంకోసారి 44 డిగ్రీల నీళ్ళు. చెవి పనిచేస్తుంటే అప్పుడు తల తిరగాలట. కుడి చెవిలో పోయగానే మంచం పట్టుకోవాల్సి వచ్చింది. ఎడమ చెవిలో పోసినప్పుడు, ఇప్పుడైనా తిరగాలి దేవుడా అనుకుంటూ పడుకున్నాను. దాదాపు ఏమీ కాలేదు. ఈ విద్యకు దారి వేసిన రాబర్ట్ బారానీకి 1914 నోబెల్ బహుమతి ఇచ్చారు.

వాంతి, తిరుగుడు ఆపే మాత్రలు మొదటి కొన్ని రోజులకే ఇచ్చి మాన్పించేశారు. నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ ఆ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే మెదడు మత్తుగా ఉండిపోయి, ఒక చెవి తక్కువైందన్న లెక్క సరిచేసుకోదట. తల కదపాలి, తిరగనివ్వాలి, అదే వైద్యం. ఫిజియోథెరపీ అమ్మాయి తిరుత్తణి వైపు తెలుగు పిల్ల. క్యాలెండర్ కాగితం మీద పెద్ద "అ" రాసి గోడకి అంటించి, "అక్కా, తల ఆపొద్దు, అక్షరం వదలొద్దు" అనేది. తల అటూ ఇటూ తిప్పుతుంటే "అ" అలుక్కుపోయేది. వారాలు గడిచేకొద్దీ అంచులు తేలాయి.

తర్వాత పానగల్ పార్కులో నడక. జనం కిక్కిరిసే రంగనాథన్ స్ట్రీట్ మాత్రం చాలాకాలం నావల్ల కాలేదు: చుట్టూ అన్నీ కదులుతుంటే కంటి ఆసరా కూడా పోతుంది. అన్నిటికన్నా కష్టం మెరీనా ఇసుక. చీకటి పడ్డాక అక్కడ కళ్ళకి ఏమీ ఆనదు, కాలి కింద గట్టి నేల ఉండదు, ఇక మిగిలింది చెవే. మా ఆయన చెయ్యి పట్టుకుని మొదలుపెట్టి, తర్వాత పక్కన మనిషి ఉంటే చాలన్నంత వరకు వచ్చాను.

మొన్న పక్కింటి అక్క కూడా తల తిరుగుతోందని నా మాత్రల పేరు అడిగింది. ఎప్పుడు తిరుగుతుందని అడిగితే, పక్క మీద కుడికి ఒత్తిగిలినప్పుడు, అదీ అర నిమిషం లోపే అంది. నాది అలా కాదు, నా మాత్ర నీకు వద్దని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పాయట. ఎప్లీ పద్ధతిలో తలను ఒక్కో భంగిమలో కాసేపు ఆపుతూ తిప్పి పంపించారు. ఆమెకు మాత్రలే రాయలేదు.