మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్: నా అనుభవం

మా తమ్ముడు 2016లో కొనుక్కున్న ల్యాప్‌టాప్ 2023 ఫిబ్రవరిలో నా చేతికి వచ్చింది. నాలుగు జీబీల ర్యామ్ మీద విండోస్ నత్తనడక నడుస్తుండటంతో వాడు కొత్తది తీసుకుని, దీన్ని పాత సామాన్లకు వేసేద్దామన్నాడు. స్క్రీను, కీబోర్డు, హార్డ్‌డిస్కు అన్నీ బాగున్న యంత్రాన్ని అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల ద్వారా ఎవరైనా చదివి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి విని ఉన్నాను కాబట్టి, దీనిలో లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ వేసి కాలేజీ నోట్సు రాసుకోవడానికి వాడుకోవాలని నిశ్చయించుకున్నాను.

అప్పటికి వాడుకలో ఉన్నది 2021 ఆగస్టులో విడుదలైన డెబియన్ 11. మొదటి డీవీడీ ఇమేజిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టగానే, ఈ యంత్రంలోని ఒక పరికరానికి స్వేచ్ఛారహితమైన ఫర్మ్‌వేర్ ఫైలు (పరికరం లోపల నడిచే ప్రోగ్రాము) అవసరమని, అది మరో పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఇవ్వమని అడిగింది. నా దగ్గర లేదు. లేదని చెప్పి ముందుకు సాగాను. ఇన్‌స్టాలేషన్ నలభై నిమిషాల్లో ముగిసింది, డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది, తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా సరిగ్గా కనిపించాయి. వైఫై గుర్తు మాత్రం లేదు.

ఆ సాయంత్రం నేను చేసిన పొరపాటు, ఈ ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతకడం. ఒకే మోడల్ పేరు కింద వేర్వేరు వైఫై కార్డులు అమర్చి అమ్ముతారు కనుక, ఒకరికి పనిచేసిన ఉపాయం మరొకరికి పనిచేయదు. రెండు గంటలు వృథా అయ్యాక, ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. “సార్, మోడల్ పేరు పక్కన పెట్టండి. ముందు ఎల్ఎస్‌పీసీఐ కొట్టి కార్డు నంబరు చూడండి, తర్వాత డీమెసేజ్‌లో ఆ కార్డు గురించి కెర్నెల్ ఏమంటోందో నాకు చదివి వినిపించండి” అన్నాడు. నా పని మొత్తానికి అసలైన దారి చూపింది ఆ మాటే. ఎల్ఎస్‌పీసీఐ అన్నది యంత్రంలోని పీసీఐ పరికరాల జాబితా చూపే ఆదేశం; డీమెసేజ్ అన్నది వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నెల్ రాసుకునే సందేశాల చిట్టా.

పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ బస్సు మీద ఉన్న ప్రతి పరికరానికీ రెండు భాగాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి భాగం తయారీదారుది, రెండోది పరికరానిది. నా వైఫై కార్డు సంఖ్య 8086:3165. 8086 అంటే ఇంటెల్. ఆ కంపెనీ 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరే ఇక్కడ దాని సంఖ్యగా ఉంది. ఇక డీమెసేజ్‌లో, ఐడబ్ల్యుఎల్‌వైఫై అనే డ్రైవర్ 7265డి పేరున్న ఫర్మ్‌వేర్ ఫైలు 29వ కూర్పును లోడ్ చేయబోయి విఫలమైందని, వాక్యం చివర బ్రాకెట్లలో మైనస్ 2 అని ఉంది. దాని కింద 28 కోసం, ఆ తర్వాత అంతకన్నా పాత కూర్పుల కోసం అదే ప్రయత్నం, అదే వైఫల్యం వరుసగా కనిపించాయి. మైనస్ 2 అంటే అలాంటి ఫైలు లేదని అర్థమట. అంటే కార్డు చెడిపోలేదు, డ్రైవరూ ఉంది. ఒక్క ఫైలు లేదు, ఆ ఫైలు పేరు కూడా యంత్రమే స్పష్టంగా చెబుతోంది.

ఇక్కడ డ్రైవరుకూ ఫర్మ్‌వేరుకూ ఉన్న తేడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది తెలిశాకే నాకు మిగతాదంతా అర్థమైంది. డ్రైవర్ మన ప్రాసెసర్ మీద, కెర్నెల్‌లో భాగంగా నడుస్తుంది. దాని మూలసంకేతం (సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఫర్మ్‌వేర్ వైఫై కార్డులో ఉన్న చిన్న ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఈ కార్డు ఆ ప్రోగ్రామును తనలో శాశ్వతంగా దాచుకోదు. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ డ్రైవరే డిస్కు నుంచి ఆ ఫైలును తీసి కార్డు మెమరీలోకి ఎక్కించాలి. ఆ ఫైలును పంచుకోవడానికి కంపెనీ అనుమతి ఇచ్చింది కానీ మూలసంకేతం ఇవ్వలేదు. 1997లో డెబియన్ ఆమోదించిన సామాజిక ఒప్పందం ప్రకారం అలాంటిది వ్యవస్థలో భాగం కాజాలదు. అందుకే దాన్ని నాన్‌ఫ్రీ అనే వేరే విభాగంలో ఉంచి, అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు.

వైఫై కావాలంటే ఫైలు కావాలి, ఫైలు కావాలంటే ఇంటర్నెట్ కావాలి. దీనికి ఫోన్ పరిష్కారం చూపింది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ వేయగానే డెబియన్ దాన్ని తీగ ద్వారా వచ్చిన నెట్‌వర్క్‌గా గుర్తించింది. ఏ ఫర్మ్‌వేరూ అడగలేదు. తర్వాత ప్యాకేజీలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ జాబితా తెరిచాను. డీవీడీ నుంచి వేసిన కారణంగా అందులో డిస్కు పేరుతో ఒక వరుస ఉంది. దాన్ని అలాగే ఉంచితే ప్రతిసారీ డిస్కు పెట్టమంటుంది కాబట్టి దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి నిలిపివేశాను. నెట్‌వర్క్ సర్వర్ చిరునామాతో కొత్త వరుస రాసి, మెయిన్ అన్న మాట తర్వాత కాంట్రిబ్, నాన్‌ఫ్రీ అని చేర్చాను. ప్యాకేజీల జాబితాను తాజాపరచి, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యుఎల్‌వైఫై ప్యాకేజీ వేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను. ఇంటి వైఫై పేరు, పక్కింటి వారి వైఫై పేరు రెండూ తెర మీద కనిపించిన ఆ క్షణం నాకెంత సంతోషం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది.

అదే ప్యాకేజీతో బ్లూటూత్ కూడా పనిచేయడం మొదలైంది. వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉన్నా, బ్లూటూత్ భాగం లోపల యూఎస్‌బీ ద్వారా కలిసి ఉంటుంది. అందువల్ల అది పీసీఐ జాబితాలో కనిపించదు, యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో చూడాలి. నేను ముందురోజు పీసీఐ జాబితాలో వెతికి, ఈ యంత్రంలో బ్లూటూత్ లేదనుకున్నాను.

శబ్దం సంగతి తేలికగానే తేలింది. శబ్దాన్ని నడిపించే పల్స్ఆడియో ప్రోగ్రాము స్పీకర్లకు బదులు హెచ్‌డీఎంఐని ఎంచుకుని ఉంది. వాల్యూమ్ కంట్రోల్‌లోని కాన్ఫిగరేషన్ పుటలో అనలాగ్ స్టీరియోకు మార్చాక సరిపోయింది. టచ్‌ప్యాడ్ మీద తట్టితే క్లిక్ కావడానికి సెట్టింగులలో ఒక గడి టిక్కు పెట్టాలి. మూత వేస్తే నిద్రపోయి, తెరిస్తే లేవడంలో ఏ ఇబ్బందీ రాలేదు.

తెర వెలుతురు మాత్రం రెండు రోజులు తీసుకుంది. కీలు నొక్కితే తెర మీద గీత పెరుగుతోంది, తగ్గుతోంది. వెలుతురు మాత్రం మారదు. రాత్రిపూట పూర్తి వెలుతురులో చదవడం కళ్లకు కష్టం, బ్యాటరీకి నష్టం. కెర్నెల్ తన పరికరాలను ఫైళ్ల రూపంలో చూపించే సిస్ డైరెక్టరీలో బ్యాక్‌లైట్ విభాగం తెరిస్తే అక్కడ ఒకటికి రెండు పేర్లున్నాయి: ఒకటి ఇంటెల్ బ్యాక్‌లైట్, రెండోది ఏసీపీఐ వీడియో. ఇంటెల్ దానిలోని గరిష్ఠ విలువ 937. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న వాడుకరిగా ప్రవేశించి బ్రైట్‌నెస్ ఫైలులో 300 అని రాయగానే తెర మసకబారింది. రెండో దానిలో ఏ సంఖ్య రాసినా మార్పు లేదు. డెస్క్‌టాప్ ఆదేశాలన్నీ ఆ పనిచేయని రెండో దానికే వెళుతున్నాయన్నమాట. కెర్నెల్‌కు ఏసీపీఐ బ్యాక్‌లైట్ నేటివ్ అనే పారామితి ఇస్తే ఇంటెల్‌ది మాత్రమే మిగులుతుందని తెలిసింది. ఇలాంటివాటిని నేరుగా శాశ్వతంగా రాసేయకూడదని నా సలహా. కంప్యూటర్ మొదలవగానే వచ్చే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు ‘e’ అక్షరం నొక్కి, ఆ ఒక్కసారికి మాత్రం పారామితి చేర్చి చూడవచ్చు. తేడా వస్తే మళ్లీ వేసినప్పుడు అది ఉండదు. నాకు పనిచేసిందని నిర్ధారించుకున్నాకే గ్రబ్ సెట్టింగుల ఫైలులో క్వయట్ అన్న మాట పక్కన రాసి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను.

2023 జూన్ 10న డెబియన్ 12 విడుదలైంది. అంతకు ముందే, 2022 అక్టోబరులో, డెబియన్ సభ్యులు ఓటు వేసి సామాజిక ఒప్పందాన్ని సవరించి, అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని నిర్ణయించారు. దాని కోసం నాన్‌ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. పాత కూర్పు నుంచి మారేవారు సోర్సెస్ జాబితాలో ఆ పేరు చేర్చుకోకపోతే ఫర్మ్‌వేర్‌కు కొత్త సవరణలు అందవు. ఈ నిర్ణయం స్వేచ్ఛకు తూట్లు పొడిచిందని బాధపడేవారి ఆవేదన నాకు అర్థమవుతుంది. మూలసంకేతం లేని ప్రోగ్రామ్ నా యంత్రంలో నడుస్తోందన్న అసంతృప్తి నాకూ ఉంది. అయినా నేను ఆ నిర్ణయం పక్షమే. ఫోన్ చేయడానికి ఒక విద్యార్థి లేని మనిషి మొదటి సాయంత్రమే విండోస్‌కు తిరిగి వెళ్లిపోయేవాడు; అప్పుడు అతని యంత్రంలో మూతపడి ఉండేది ఒక్క ఫైలు కాదు, మొత్తం వ్యవస్థ. ఏది స్వేచ్ఛగలదో ఏది కాదో వేరు విభాగంగా చూపిస్తూ, ఇన్‌స్టాలేషన్ సమయంలోనే తెలియజేయడం నిజాయితీగల పద్ధతి.

నేను జూలైలో 12కు మారాను. దానితో వచ్చిన 6.1 కెర్నెల్‌లో బ్యాక్‌లైట్ విభాగంలో ఒక్క పేరే కనిపించడంతో, గ్రబ్‌లో రాసిన పారామితిని తీసేశాను. వెలుతురు కీలు అలాగే పనిచేస్తున్నాయి. ఒక్క వేలిముద్ర పరికరం మాత్రం నేటికీ పనిచేయదు. దాని సంఖ్య, వేలిముద్ర పరికరాలను నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్ సాఫ్ట్‌వేర్ మద్దతిచ్చే పరికరాల జాబితాలో లేదు. డెబియన్ కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఆ జాబితాలో నా సంఖ్య కోసం చూస్తాను. అప్పటివరకు పాస్‌వర్డ్‌తో తెరుస్తున్నాను.