ఆ మిషన్ మీద ఉన్న పేరు

అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు రెండు సెమిస్టర్లు క్యాంపస్ మెస్‌లో అంట్లు కడిగాను. ఎంగిలి దులిపేసి, ప్లేట్లు ట్రేలో నిలువుగా గుచ్చి, అంట్లు కడిగే మిషన్ స్టీలు తలుపు కిందికి లాగడం. కాసేపటికి తలుపెత్తితే ఆవిరి మొహాన కొట్టేది. ఆఖరి కడుగు నీళ్లు 82 డిగ్రీలు మరి! ప్లేట్లు తుడవక్కర్లేకుండా వాటంతటవే ఆరిపోయేవి. మిషన్ మీద 'హోబార్ట్' అని పేరు.

ఆ పేరు వెనక జోసెఫీన్ కాక్రన్ ఉందని మొన్ననే చదివాను. ఇల్లినాయ్‌లో షెల్బీవిల్ ఆవిడది. 1883లో భర్త పోయాడు, అప్పులు మిగిలాయి. ఇంటి వెనక షెడ్డులో ఒక మెకానిక్ సాయంతో మిషన్ కట్టింది. రాగి కాగులో చక్రం, కంచాల కొలతకు తీగ గూళ్లు, వాటి మీదికి చిమ్మే వేడి సబ్బునీళ్లు. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది.

కొన్నది ఇల్లాళ్లు కాదు, హోటళ్లు. షికాగోలో షెర్మన్ హౌస్ హోటల్ లాబీని ఒంటరిగా దాటడమే అన్నిటికన్నా కష్టమైందని తర్వాత చెప్పుకుంది. తండ్రో భర్తో పక్కన లేకుండా ఎక్కడికీ వెళ్లి ఎరగదు. 800 డాలర్ల ఆర్డరుతో బయటికొచ్చింది! ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలోనూ ఆవిడ మిషన్లే కంచాలు కడిగాయి. 1913లో కన్నుమూసింది. ఒహాయోలోని హోబార్ట్ 1926లో ఆవిడ కంపెనీని కొనుక్కుంది.

అప్పట్లో అమ్మకి నా పని సంగతి దాచాను. నిన్న రాత్రి అంతా చెప్పేశాను, జోసెఫీన్ కథతో సహా. "ఆవిడ ఫొటో ఉంటే పంపరా" అంది అమ్మ.