టైమింగ్ బెల్ట్‌తో పాటు ఏమేం మార్పించాను

గత శనివారం ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చుని, మా డస్టర్ 1.5 డీజిల్ కారుకు టైమింగ్ బెల్ట్ మార్పించుకుని వచ్చాను. కారు వయసు పదేళ్లు, తిరిగింది మాత్రం 78,000 కిలోమీటర్లే. ఎంవీపీ కాలనీ నుంచి ఆఫీసుకు, ఏడాదికి రెండు మూడుసార్లు అరకుకు తప్ప దానికి పెద్దగా పనిలేదు. కిలోమీటర్లు నిండలేదు కదా అని ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను గానీ, బెల్ట్‌కు దూరంతో పాటు వయసు లెక్క కూడా ఉంటుందనీ, రెండింటిలో ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలనీ కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది.

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ పళ్ల బెల్టే. ఇది తెగినా, పళ్లు జారినా, మా ఇంజిన్ లాంటి వాటిలో తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి; ఆపైన ఇంజిన్ పైభాగమైన హెడ్డు విప్పక తప్పదు. బెల్ట్ మీది మూత తీసి చూసి, పగుళ్లు లేవు కాబట్టి భయం లేదనుకోవడానికీ వీల్లేదు. ఇప్పటి బెల్టులు పైకి కొత్తవాటిలా నిగనిగలాడుతూనే లోపలి దారాల దగ్గర బలం కోల్పోతాయి.

బెల్ట్ ఒక్కటే మార్చి సరిపెట్టుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే. పన్నెండేళ్ల క్రితం అప్పటి చిన్న కారుకు అలాగే చేయించాను. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు బాగానే ఉంది, దాన్నెందుకు కదపడమని మెకానిక్కు, నేను ఇద్దరమూ అనుకున్నాం. ఏడాది తిరగకముందే అనంతగిరి ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కింది. పంపు సీలు పోయి, కారిన కూలెంట్ అంతా కొత్త బెల్ట్ మీదే పడింది. పంపు, బెల్ట్ రెండూ మళ్లీ కొనాల్సి వచ్చింది. విడిభాగాల ధర కన్నా బాధించింది రెండోసారి ఇచ్చిన కూలీ. ఎందుకంటే చక్రం, లోపలి మడ్‌గార్డు విప్పి, కింద జాకీ పెట్టి, ఇంజిన్ మౌంటు ఊడదీస్తే గానీ ఆ మూత దగ్గరికి చెయ్యి వెళ్లదు.

కాబట్టి ఈసారి మూత వెనక తిరిగేవన్నీ మార్చమని ముందే చెప్పాను. మా ఇంజిన్‌లో ఈ బెల్టే క్యామ్‌తో పాటు డీజిల్ పంపునూ, వాటర్ పంపునూ తిప్పుతుంది. బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ దాని కిట్‌లోనే వస్తుంది. కొన్ని ఇంజిన్లలో బెల్ట్‌ను దారిలో ఉంచే ఐడ్లర్ పుల్లీలు కూడా ఉంటాయి, అవీ మార్చాల్సినవే. మేస్త్రీ పాత టెన్షనర్ నా చేతికిచ్చి, "తిప్పి చూడండి మేస్టారూ" అన్నాడు. వేలితో ఒక్కసారి తిప్పితే బొంగరంలా ఆగకుండా తిరుగుతూ, లోపల ఇసుక రేణువు నలుగుతున్నట్టు సన్నని చప్పుడు చేసింది. కొత్తదాన్ని తిప్పితే గ్రీజు పట్టు వల్ల చప్పుడు లేకుండా అర చుట్టులోనే ఆగిపోయింది. పాత పంపు షాఫ్ట్ ఊగడం లేదు గానీ, దాని కింది చిన్న రంధ్రం చుట్టూ ఎండిన కూలెంట్ ఉప్పులా పేరుకుని ఉంది. కారడం మొదలైందన్నమాట.

క్రాంక్ పుల్లీ బోల్టు కూడా కొత్తదే వేయించాను. చెప్పినంత బిగువు (టార్క్) ఇచ్చాక మళ్లీ ఇన్ని డిగ్రీలని తిప్పి బిగించే బోల్టు అది, ఒకసారి సాగాక రెండోసారి నమ్మడానికి లేదు. బయటి ఫ్యాన్ బెల్ట్ ఎలాగూ విప్పారు కనుక దాన్నీ మార్చాం. ఇరుసుల చివర ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల దగ్గర మాత్రం కాసేపు వాదన జరిగింది. ఆయిల్ పడితే బెల్ట్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది కాబట్టి, చెమ్మ కనిపించిన క్రాంక్ సీలును మార్చమన్నాను. పొడిగా ఉన్న క్యామ్ సీలు జోలికి వెళ్లవద్దన్నాను. కారని సీలును ఊడబీకి వంకరగా కూర్చోబెట్టడం కన్నా దాన్ని అలా వదిలేయడమే మేలని నా ఉద్దేశం. ఇంజిన్ మౌంటు రబ్బరు చీలలేదు, పాతదే బిగించారు. ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తారా అని కుర్రాడు అడిగాడు గానీ, దానికీ ఈ పనికీ సంబంధం లేదు.

కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగంసగం కలిపి పోయించాను. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో గార కడుతుంది. బెల్ట్ ఎక్కించాక మేస్త్రీ స్టార్ట్ చేయకుండా, స్పానరుతో క్రాంక్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పి, క్రాంక్, క్యామ్‌లను సరైన చోట నిలిపే లాకింగ్ పిన్నులు మళ్లీ వాటి రంధ్రాల్లోకి సాఫీగా దిగుతున్నాయో లేదో చూశాడు. ఈ రెండు నిమిషాల పని ఎవరైనా దాటవేస్తుంటే మీరే అడిగి చేయించండి. మర్నాడు, ఆ మర్నాడు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూశాను. మొదటిరోజు గాలి బయటికిపోయి వేలెడు తగ్గింది, పోశాక నిలిచింది. పాత సామాన్లు సంచిలో అడిగి తెచ్చుకున్నాను. బానెట్ లోపల మాత్రం తేదీ, 78,140 కిలోమీటర్లు అని మార్కర్‌తో రాసిన కాగితం అంటించి ఉంది.