మోకాళ్ళ పర్వతం, మందుల సంచి, కొంగున పటికబెల్లం

మొన్ననే కొండ దిగి వచ్చాం. బాబు గుండు మీద గంధం వాసన ఇంకా పోలేదు. వాడు కడుపులో ఉన్నప్పుడు మొక్కుకున్నాను: ఏ లోపమూ లేకుండా పుడితే పుట్టువెంట్రుకలు స్వామికే ఇస్తానని, అలిపిరి నుంచి నడిచే వస్తానని. చిన్నప్పటి నుంచీ నాకు టైప్ 1 షుగరు, రోజుకు నాలుగు సూదులు. వాడికి మూడో ఏడు వచ్చింది, మొక్కు తీరింది. గోవిందా!

ఇన్సులిన్‌తో మెట్లెక్కాలనుకునే తల్లులకు పనికొస్తాయని నా లెక్కలు రాస్తున్నాను. మీ మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. ముందు రాత్రి లాంటస్, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్, 18 యూనిట్లకు బదులు 14 వేసుకున్నాను. తెల్లవారుజామున మూడు ఇడ్లీలకు మామూలుగా 6 యూనిట్లు, ఆ రోజు 3. సూది పొట్టకే, తొడకు వద్దు. ఎక్కేటప్పుడు తొడ కండరాలు పనిచేసి, అక్కడ వేసిన మందు తొందరగా రక్తంలో కలుస్తుంది, షుగరు దబ్బున పడుతుంది. బయల్దేరేటప్పుడు మీటరులో 160. అదే 250 దాటి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) కూడా కనబడితే ఆ పూట ఎక్కనేకూడదు.

సామాను కిందే ఇచ్చేశాం, మందుల సంచి మాత్రం నా భుజానే. ఇన్సులిన్ పెన్నులు కవరులో పెట్టి తడి నూలుగుడ్డ చుట్టాను. ఐసుకు తగిలితే మందు గడ్డకట్టి పాడైపోతుంది. 15 గ్రాముల గ్లూకోజు పొట్లాలు నాలుగే తీసుకెళ్ళాను, అది తప్పు. ఎనిమిదైనా ఉండాలి. చాలామంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు, నాకూ అలాగే ఎక్కాలని ఉంటుంది. కానీ అరికాళ్ళలో స్పర్శ తగ్గితే పొక్కు లేచినా తెలియదు. మందపాటి నూలు మేజోళ్ళు వేసుకుని, ఆగిన చోటల్లా మా పాప చేత పాదాలు చూపించుకున్నాను.

ముప్పావు గంటకోసారి పరీక్ష. ఎక్కే చెమటకూ షుగరు పడిపోయినప్పటి చెమటకూ తేడా తెలియదు, మీటరునే నమ్మాలి. ఒకసారి 210 చూపించింది. బాబుకు అరటిపండు ఒలిచిన చేత్తోనే చూసుకున్నాను మరి. చేయి కడిగి, తుడుచుకుని చూస్తే 118. ఆ 210కి మందు వేసుకుని ఉంటే ఏమయ్యేదో. గాలిగోపురం దగ్గర 92, ఒక పొట్లం. మోకాళ్ళ పర్వతం మీద 64, రెండు పొట్లాలు. కల్యాణకట్టలో నాలుగోదీ అయిపోయింది.

సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో ఎనిమిది గంటలు. ఫోను లోపలికి తేకూడదు కాబట్టి చేతికి అంటించుకుని ఫోనులో షుగరు చూసుకునే సెన్సారు అక్కడ పనికిరాదు, పాత మీటరే దిక్కు. డాక్టరు చీటీ చూపిస్తే సూదుల సంచి రానిచ్చారు. అన్నం వస్తోందన్నారని 5 యూనిట్లు వేసేసుకున్నాను. మా వరుసకు అందకముందే గేటు తీశారు. ఒక్కసారిగా తోపులాట, చిన్నపిల్లలున్నారన్న జాలి కూడా లేదు. పళ్ళెం ఒళ్ళోకి రానిదే సూది తీయకూడదు.

"అమ్మా, నీ మాట తేడాగా ఉంది" అంది పాప. తొమ్మిదేళ్ళది, తనే మీటరు తీసింది. 58. పొట్లాలు లేవు. పక్కనున్న పెద్దావిడ కొంగుముడి విప్పి పటికబెల్లం తీసింది. గడ్డగా చప్పరిస్తే ఆలస్యంగా కరుగుతుందని పాప చెప్పగానే, స్టీలు గ్లాసు అడుగుతో నలగ్గొట్టి, మూడు చెంచాల పొడి నీళ్ళలో కలిపి తాగించింది. "ఆయన పంపిస్తేనే నీ పక్కన కూచున్నానమ్మా" అంది. పావుగంటకు 86. బిస్కెట్లు తిని నిలబడ్డాను. జనంలో ఆవిడ మళ్ళీ కనబడలేదు.

జయవిజయుల దగ్గర "జరగండి, జరగండి" అని భుజం పట్టి నెట్టేస్తున్నారు. నెయ్యి దీపాల వెలుగులో ముందు నామం కనబడింది, తర్వాత పాదాలు. అంతే. బాబును పైకెత్తాను. అడగాలనుకున్నదేదీ నోటికి రాలేదు.

లడ్డూ ఆ రాత్రి కొంచెమే తిన్నాను. షుగరు పడిపోయినప్పుడు మాత్రం లడ్డూ పెట్టకండి, నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అంత ఎక్కాక అలసిన కండరాలు రాత్రంతా షుగరును లాగుతూనే ఉంటాయి. అందుకే రెండున్నరకు అలారం పెట్టుకుని చూసుకున్నాను. 104.

"ఎంతమ్మా?" అంది పాప, కళ్ళు తెరవకుండానే. చెప్పాను. అటు తిరిగి పడుకుంది.