ఎవరి తరఫున?

పడుకుందామని లైటు తీసేసి, మళ్లీ లేచి కూర్చున్నాను. బావగారి మాట ఒకటి నిద్ర పట్టనివ్వడం లేదు. భోజనాల దగ్గర, కంచంలోంచి తలెత్తకుండానే అడిగారు: "ఇంతకీ నువ్వు ఎవరి తరఫున వెళ్తున్నావమ్మా?"

జవాబు చెప్పకుండా లేచొచ్చేశాను. అక్క వెనకాలే వచ్చి "ఆయన సంగతి నీకు తెలిసిందేగా" అంది. తెలిసిందే. అయినా ఒళ్లు మండింది.

ముందు మంచి కబురు చెప్పేస్తాను. యుద్ధం జరుగుతున్న ఒక దేశానికి నర్సుగా వెళ్తానని అప్లై చేశాను, నన్ను తీసుకున్నట్టు ఉత్తరం వచ్చింది. అంబులెన్సులోనే పని. ముందువరుసలో కట్లు కట్టి పంపినవాళ్లను వెనకాల ఉన్న ఆపరేషన్ థియేటర్ దాకా ప్రాణాలతో చేర్చాలి. ఉత్తరం చదివినప్పుడు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవనివ్వలేదు జనం. బావగారొక్కరే కాదు, డ్యూటీలో అడిగారు, మెట్ల మీద ఆపి అడిగారు. "నువ్వు వెళ్లే వైపువాళ్లు చేసిన ఘోరాలు తెలిసి కూడానా?" అని ఒకరు. "ఇక్కడ రోగులు లేరా?" అని ఇంకొకరు. ఈ రెండోదానికి నా దగ్గర జవాబుంది. ఇక్కడ నేను సెలవు పెడితే నా సీట్లో ఇంకో నర్సు కూర్చుంటుంది. అక్కడ మనిషి దొరకకే కదా మమ్మల్ని పిలుస్తున్నారు. మొదటి ప్రశ్నే మింగుడు పడడం లేదు. అక్కడికెళ్లి ఏం చేస్తావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. తొడలో పెద్ద రక్తనాళం తెగితే మనిషి నిమిషాల్లో పోతాడు. గాయానికి రెండు మూడు అంగుళాలు పైన టోర్నికెట్ (రక్తం ఆపే బిగింపు పట్టీ) చుట్టి, రక్తం ఆగేదాకా దాని పుల్ల తిప్పుతూనే ఉండాలి. ఆ బిగింపుకు బలమైన మగవాడు కూడా కేకలు పెడతాడు. పెట్టినా వదులు చేయకూడదు. బిగించిన టైము మార్కర్‌తో దాని మీదే రాయాలి. తర్వాత వెచ్చగా కప్పాలి, ఎండాకాలమైనా సరే. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. గడ్డకట్టకపోతే ఇంకా కారుతుంది, కారేకొద్దీ ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. ఈ మొత్తం పనిలో ఆ మనిషి యూనిఫాం రంగు నాకెక్కడ అవసరం పడుతుందో చెప్పండి.

1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో దగ్గర యుద్ధం జరిగాక, గాయపడ్డవాళ్లను పక్కనున్న కాస్తిగ్లియోనే ఊళ్లోకి తెచ్చి చర్చిల్లో పడేశారు. సొంత వ్యాపారం పని మీద అటు వచ్చిన స్విట్జర్లాండ్‌వాడు హెన్రీ డ్యూనాంట్ అక్కడే ఆగిపోయాడు. ఊరి ఆడవాళ్లు నీళ్లు మోశారు, గాయాలు కడిగారు. ఫ్రెంచివాడా, ఆస్ట్రియావాడా అని చూడలేదు, అందరూ అన్నదమ్ములే అన్నారు. 1863లో రెడ్‌క్రాస్, 1864లో యుద్ధంలో గాయపడ్డవాళ్ల రక్షణ కోసం మొదటి జెనీవా ఒప్పందం ఆ చర్చి గచ్చు మీద నుంచి పుట్టినవే. వైద్యంలో ఎవరు ముందన్నది గాయం తీవ్రతను బట్టే ఉండాలని 1949 జెనీవా ఒప్పందంలో స్పష్టంగా రాశారు. గాయపడ్డవాళ్లకు సేవ చేసినందుకు ఎవరినీ శిక్షించకూడదని కూడా అందులోనే ఉంది. అలా రాయాల్సి వచ్చిందంటే, ఆ ఆడవాళ్లను కూడా ఎవరో ఒకరు "ఎవరి తరఫున?" అని అడిగే ఉంటారు.

ఇక్కడిదాకా రాశాక నా అంబులెన్సు డ్యూటీలో చూసిన పాత యాక్సిడెంట్ కేసు ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో ఒకసారి పైపైన రాశాను, మొత్తం రాయలేదు.

రాత్రి కేసు. తాగి కారు నడిపినవాడు ఎదురుగా వస్తున్న బండిని గుద్దాడు. బండి మీద తండ్రీ కొడుకూ. మేం వెళ్లేసరికి పిల్లాడు చెయ్యి పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మోచేతి కింద ఎముక విరిగిందని చూస్తూనే తెలుస్తోంది. కారులోవాడు మాత్రం చప్పుడు చేయడం లేదు. ఏడుస్తున్నవాడికి ఊపిరి ఆడుతోందని లెక్క, చప్పుడు లేనివాడి దగ్గరికి ముందు వెళ్లాలి. టార్చి వేస్తే ప్యాంటు తొడ దగ్గర నల్లగా తడిసి ఉంది, సీటు కింద రక్తం మడుగు కట్టింది. నా మోకాలు అందులోనే పెట్టి టోర్నికెట్ తీశాను. నోట్లోంచి మందు వాసన. అప్పుడు ఆ తండ్రి వెనక నుంచి నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "మావాణ్ణి వదిలేసి వాడికి చేస్తున్నావా? ఎవరి మనిషివి నువ్వు?" అని. బట్ట కుట్టు దగ్గర చిరిగింది కూడా. నేను తిరిగి చూడలేదు, పుల్ల తిప్పుతూనే ఉన్నాను. మా డ్రైవర్ అన్న వచ్చి ఆయన్ను పక్కకు తీసుకెళ్లాడు. పిల్లాడి చేతికి అట్టముక్క పెట్టి కట్టింది కూడా నేనే, కొన్ని నిమిషాల తర్వాత. దారి పొడుగునా తండ్రి ఎదురు సీట్లో కూర్చుని, నేను పల్స్ చూస్తున్న ఆ కారువాడి చేతినే చూస్తూ ఉన్నాడు. ఆసుపత్రిలో దింపేసి మేం ఇంకో కేసుకు వెళ్లిపోయాం.

ఆయన మీద నాకు కోపం రాలేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కొడుకు ఏడుస్తుంటే తండ్రి ఇంకెలా ఉంటాడు? మరి బావగారి మీద ఎందుకొచ్చింది? ఆయన అడిగింది కూడా అదే ప్రశ్న. ఆ దేశంలో ఆయన స్నేహితుడి కుటుంబం ఉందని నాకు తెలుసు, రోజూ వార్తలు చూసి ఆయన ముద్ద సరిగ్గా మింగడం లేదనీ తెలుసు.

పైగా "నాకందరూ సమానమే" అనేస్తే సరిపోతుందా అని కూడా ఇప్పుడనిపిస్తోంది. అంబులెన్సు రెండు సైన్యాల మధ్య గీత దాటి అవతలికి వెళ్లదు. ఎవరు రానిస్తే వాళ్ల వైపున్న గాయాలే నా చేతికి వస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎల్సీ నాకర్ అనే నర్సు, మైరీ చిజమ్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి అంబులెన్సు దళంతో బెల్జియం వెళ్లారు. గతుకుల దారిలో ఆసుపత్రి చేరేలోపే షాక్‌తో (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయి) మనుషులు చనిపోతున్నారని గమనించి, 1914 నవంబరులో పెర్వైస్‌లో కందకాలకు కూతవేటు దూరంలో ఒక ఇంటి నేలమాళిగలో కట్లు కట్టే చోటు పెట్టారు. 1918లో విషవాయువు దాడి జరిగేదాకా ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చింది బెల్జియం సైనికులే, ఎందుకంటే ఆ నేలమాళిగ ఉన్నది ఆ వైపు. దాన్ని పక్షపాతం అనలేను.

గాంధీగారిది దీనికి తిరగేసిన కథ. 1906లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో జులూ తెగవాళ్ల తిరుగుబాటప్పుడు చిన్న స్ట్రెచర్ దళంతో బ్రిటిష్‌వాళ్ల తరఫున వెళ్లారు. తీరా వాళ్ల చేతికి వచ్చింది గాయపడ్డ జులూలు. తెల్లవాళ్లు ముట్టుకోవడానికి ఇష్టపడక వదిలేస్తే వాళ్ల పుళ్లు కుళ్లిపోతున్నాయి. అందులో చాలామంది యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లు కూడా కాదు, కొరడా దెబ్బలు తిన్నవాళ్లు. తరఫు ఒకటి, చేతికొచ్చిన మనిషి ఇంకొకరు.

అంచేత రేపు బావగారికి ఉన్నదున్నట్టు చెప్తాను. నన్ను రానిచ్చినవాళ్ల వైపు నుంచే వెళ్తున్నాను, అవతలివాడు నా స్ట్రెచర్ మీదికొస్తే వాడికీ చేస్తాను. ఆయనకు నచ్చకపోవచ్చు. పర్వాలేదు.

అమ్మ టెన్షన్ వేరే. అంబులెన్సుల మీద కూడా బాంబులేస్తున్నారట కదా అంటుంది. వేస్తున్నారు. అలాంటి దాడులను ఖండిస్తూ 2016 మేలో భద్రతా మండలి తీర్మానం చేసింది, ఆ తర్వాత కూడా ఆగలేదు. అమ్మకు అబద్ధం చెప్పను.

నిజానికి నాకు భయమేస్తున్నది ట్రైనింగులో చూసిన నల్ల ట్యాగును, అంటే బతికే ఆశ లేనివాళ్లకు కట్టే చీటీని, తలచుకుంటేనే. ఇక్కడ ఒక పేషెంటుకు ఒక బండి, మొత్తం మందులు, నా రెండు చేతులు. అక్కడ ఒకేసారి చాలామంది వస్తే, బతికే ఆశ లేనివాణ్ణి, ఇంకా ఊపిరి ఆడుతుండగానే, దాటి పక్కవాడి దగ్గరికి వెళ్లాలి. శత్రువుకు కట్టు కట్టడం నాకు కష్టం కాదు. కళ్లు తెరిచి చూస్తున్న మనిషిని దాటడం ఎలా? నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తారు, చేతులు ఖాళీ అయ్యాక మళ్లీ వచ్చి చూస్తారు, అంత మాత్రం చెప్పారు. వాళ్ల పక్కన కూర్చోవడానికి ఎవరినైనా ఒకరిని ఉంచుతారా అని అడగబోతే క్లాసు టైము అయిపోయింది. వచ్చే క్లాసులో మొదట అదే అడుగుతాను. ఉంచేట్టయితే నా పేరు రాసుకోమంటాను, ఉంచకపోతే ఎందుకు ఉంచరో గట్టిగా అడుగుతాను.