రమ్మంటే రాని దడ

ఈ రోజు మా గుండె లయ ల్యాబ్‌లో మొదటి కేసు ఎస్వీటీ, అంటే గుండె పైభాగంలో పుట్టే వేగమైన దడ. ఆవిడకి నలభై కూడా నిండలేదు. ఉన్నట్టుండి గుండె పరిగెత్తడం మొదలెడుతుంది, కాసేపటికి దానంతటదే టక్కున ఆగిపోతుంది. ఆసుపత్రికి పరిగెత్తి ఈసీజీ తీయించుకునేసరికి అంతా నార్మల్. ఏళ్ల తరబడి ఇదే తంతు. చూసిన ప్రతివాళ్లూ "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని పంపించేశారట. కొన్నాళ్లు నిద్రమాత్రలు కూడా వేసుకుంది పాపం.

ఓపీలో ఆవిడ యథాలాపంగా అన్న రెండు మాటలకే నేను సగం నమ్మేశాను. దడ వచ్చినప్పుడు గొంతు దగ్గర టపటపా కొట్టుకుంటుందట. తగ్గాక మూత్రానికి పదేపదే వెళ్లాల్సి వస్తుందట. ఇవి ఎవరూ కల్పించుకుని చెప్పే సంగతులు కావు. గుండె పై గదులూ కింది గదులూ ఒకేసారి ముడుచుకుంటే మధ్యలో కవాటం మూసుకునే ఉంటుంది, రక్తం పోవడానికి దారిలేక మెడ సిరల్లోకి ఎగదన్నుతుంది. పై గదుల గోడలు అలా సాగితే ఒక హార్మోను ఊరుతుంది, అది మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అడిగే తీరికే ఎవరికీ ఉండదు.

తక్కిన డాక్టర్లు వచ్చిన జబ్బుని తగ్గిస్తారు. మేం ముందు దాన్ని రప్పించాలి. తొడ మొదట్లో సిరలోంచి సన్నటి తీగల్లాంటి కాథెటర్లు గుండెలోకి పంపి, లోపలి సిగ్నళ్లు తెర మీద చూస్తూ, వరసగా ఎనిమిది బీట్లు ఇచ్చి, తొమ్మిదోది కాస్త తొందరగా ఇస్తాం. దడ రాకపోతే ఆ బీట్‌ని పది మిల్లీసెకన్లు ముందుకి జరిపి మళ్లీ. మళ్లీ. ఇలా కావాలని దడ పుట్టించి, కావాలని ఆపొచ్చని 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డ్యూరర్ బృందం, పారిస్‌లో కుమెల్ బృందం ఎవరికి వారే చూపించారు. ఆ రోజుల్లో ఆ పని చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో!

ఈవిడ దడ మాత్రం రానని మొండికేసింది. గుండెని ఉరకలెత్తించే ఐసోప్రినలిన్ మందు డ్రిప్ పెట్టించాను. మత్తు ఎక్కువిస్తే దడ కూడా నిద్రపోతుంది కాబట్టి ఆవిడ మెలకువగానే ఉంది. సీసపు ఏప్రన్ బరువుకి నా నడుం లాగేస్తోంది. మరో బీట్ ఇచ్చామో లేదో, తెర మీద గీతలన్నీ దగ్గరికి జరిగిపోయాయి. నిమిషానికి 180 పైనే. మేం ఏదన్నా అనేలోపే ఆవిడ గట్టిగా, "అదే మేడమ్! ఇదే! ఇదే వస్తుంది నాకు!" అంది.

ఆ గొంతులో భయం కన్నా సంబరమే ఎక్కువ వినిపించింది. ఇన్నేళ్లకి దొంగ సాక్షుల ముందు దొరికాడు మరి.

ఆ తర్వాతది చేతిపని. పై గదుల్నీ కింది గదుల్నీ కలిపే ఏవీ నోడ్ దగ్గర కరెంటు వెళ్లే దారి ఒకటే ఉండాల్సిన చోట ఆవిడకి రెండున్నాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. ఒకదాంట్లో వెళ్లి ఇంకోదాంట్లో వెనక్కి వస్తూ కరెంటు గిరగిరా తిరుగుతోంది. నెమ్మది దారిని కాల్చేయాలి. అసలు నోడ్ అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరమే, దానికి సెగ తగిలితే జీవితాంతం పేస్‌మేకర్. ఆ ప్రమాదం నూటికి ఒకరి కన్నా తక్కువేనని సంతకం తీసుకునేటప్పుడు చెప్తాను. కాల్చేటప్పుడు మాత్రం ఆ ఒక్కరే కళ్ల ముందు ఉంటారు. కరెంటు ఇచ్చాక జంక్షనల్ బీట్లు, అంటే ఆ నోడ్ పరిసరాల్లోంచే పుట్టే బీట్లు మొదలయ్యాయి, సరైన చోటే ఉన్నామన్న గుర్తు. కాలు పెడల్ మీద, కళ్లు తెర మీద. ఆ కాసేపూ గదిలో ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే నేను ఊరుకోను. తర్వాత అరగంట ఆగి, మళ్లీ డ్రిప్ పెట్టి, ఎంత రెచ్చగొట్టినా దడ రాలేదు. బాగానే జరిగింది.

మధ్యాహ్నం ఓపీలో సరిగ్గా దీనికి తిరగేసిన కేసు. డెబ్బై దాటిన పెద్దాయన, బీపీ, షుగర్ ఉన్నాయి. కొడుకు కొనిచ్చిన వాచీ ఏదో హెచ్చరిక చూపించిందని వచ్చారు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదుల లయ తప్పడం. ఆయనకి దడ లేదు, ఆయాసం లేదు. "నాకే బాధా లేనప్పుడు రక్తం పలచబడే మందు దేనికమ్మా? వాచీ మాట విని మందులేసుకోవాలా?" అన్నారు. పై గది ముడుచుకోకుండా వణుకుతుంటే ఒక మూల సంచీలా ఉన్న భాగంలో రక్తం నిలిచి గడ్డ కడుతుందనీ, అది మెదడుకి చేరితే పక్షవాతమనీ, ఆ ముప్పు మామూలు వాళ్లతో పోలిస్తే అయిదింతల దాకా ఉంటుందనీ చెప్పాను. ఆస్పిరిన్ సరిపోదా అని బేరమాడారు. సరిపోదు. చీటీ రాయించుకున్నారు గానీ వేసుకుంటారన్న నమ్మకం నాకు లేదు. బాధ ఉన్నావిడ్ని ఎవరూ నమ్మలేదు, బాధలేని ఈయన నన్ను నమ్మడం లేదు.

పేస్‌మేకర్ చెకప్‌లు తొందరగానే అయిపోయాయి. ఒకాయన మాత్రం "నేను పోయాక కూడా ఇది కొట్టుకుంటూనే ఉంటుందా?" అని చాలా సీరియస్‌గా అడిగారు. అది సిగ్నల్ ఇస్తుందంతే, పలకాల్సింది కండ అని చెప్పాను. 1958లో మొట్టమొదట శరీరంలో పేస్‌మేకర్ పెట్టించుకున్న లార్సన్ సంగతి కూడా చెప్పాను. తొలి పరికరం కొన్ని గంటలే పనిచేసింది, కానీ ఆయన ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు, దాన్ని తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్ కన్నా, అమర్చిన సెన్నింగ్ కన్నా ఎక్కువ కాలం. అడిగినాయనకి ఈ కథ తెగ నచ్చింది.

సాయంత్రం హోల్టర్ రిపోర్టులు, అంటే ఒంటికి తగిలించి రోజంతా తీసిన ఈసీజీలు చూస్తూ కూర్చున్నాను. రోజుకి దాదాపు లక్ష బీట్లు. వాటి పక్కన పేషెంట్ రాసిన చీటీ. "3:40, గుండె ఒకసారి ఆగి దబ్బున కొట్టుకుంది" అని ఉంటే, గ్రాఫ్‌లో అదే నిమిషంలో ఒక బీట్ ముందే వచ్చి, తర్వాత చిన్న విరామం. తెలిసేది ముందొచ్చిన బీట్ కాదు, విరామం తర్వాత బలంగా పడేది. ఇలా రెండూ కలిసినప్పుడు పని సులువు, ధైర్యం చెప్పి పంపొచ్చు.

చివరి రిపోర్టు అలా లేదు. కొన్ని నెలలకోసారి కళ్లు తిరిగి పడిపోయే కుర్రాడు. ఇరవై నాలుగు గంటల రికార్డింగూ శుభ్రంగా ఉంది. ఎకో బాగుంది. పడినరోజు పెట్టుకుని ఉంటే తెలిసేది, కానీ ఏ రోజు పడతాడో ఎవరికి తెలుసు? ఛాతీ మీద చర్మం కింద లూప్ రికార్డర్ పెడదామని ఫైల్లో రాశాను. చిన్నదే, సుమారు మూడేళ్లు గుండెని కనిపెట్టుకుని ఉంటుంది. రేపు పొద్దున్నే వాళ్లమ్మ గారితో మాట్లాడాలి. "అంటే మళ్లీ పడిపోయేదాకా చూడాలా?" అని ఆవిడ తప్పకుండా అడుగుతారు. అవుననే చెప్పాలి.