మీటరు లైటుతో కరెంటు లెక్క: ఇప్పటిదాకా తేలినవి

చెన్నై పెరంబూరులో మేముండే ఇంట్లో మీటర్లన్నీ మెట్ల కింద వరుసగా ఉంటాయి. మా మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అని రాసుంది. అంటే ఆ ఎర్ర లైటు 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ కాలినట్టు. రెండు వెలుగుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఇంట్లో అప్పుడు నడుస్తున్న వాట్లు వస్తాయి. మీ మీటరు మీద 1600 ఉంటే 2250ని భాగించండి. అక్కడ నిలబడి లెక్కపెట్టడం దోమలతో అయ్యే పని కాదు. ఫోన్లో వీడియో తీసుకుని పైకొచ్చి చూసుకోవడమే మేలు.

ముందు లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేశాం. ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేశాం. అయినా 45 సెకన్లకోసారి లైటు వెలుగుతూనే ఉంది. అంటే 25 వాట్లు! సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటర్, స్టాండ్‌బైలో ఉన్న టీవీ, వీటి పనే అదంతా. రోజుకు 0.6 యూనిట్ చొప్పున, మాకు రెండు నెలలకోసారి వచ్చే ఈబీ (ఇక్కడి కరెంటు బోర్డు) బిల్లులో 36 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సుకు గోడ దగ్గరే స్విచ్ ఆపడం ఆరోజు నుంచే మొదలైంది. రౌటర్ జోలికి పోలేదు, ఇంట్లో యుద్ధాలెందుకు?

తర్వాత హాల్లో పాత ఫ్యాన్. అది ఫుల్ మీద తిరుగుతుంటే పది వెలుగులకు 112 సెకన్లు. మొత్తం 100 వాట్లు, అందులో పైన చెప్పిన 25 తీసేస్తే ఫ్యానుది 75. చెన్నైలో ఫ్యాను ఆగేదెప్పుడు గనక! రోజుకు 16 గంటలంటే 1.2 యూనిట్లు. బెడ్‌రూములో బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) వేశాక అదే లెక్కలో 28 వాట్లు తేలింది, 0.45 యూనిట్. హాల్ ఫ్యాను కూడా వచ్చే జీతానికి మారుతుంది.

అమ్మ ఎప్పుడూ గ్రైండర్ మీదే పడేది: "ఆ మోత చూస్తే కరెంటంతా అదే మింగేస్తోందిరా!" 150 వాట్ల గ్రైండర్ 40 నిమిషాలు తిరిగితే 0.1 యూనిట్. హాల్ ఫ్యాను గంటన్నర కూడా తిరగదు ఆ కరెంటుకి. లెక్క చూపించాను. "అయితే ఇంకాస్త పప్పు నానబెడతాను" అంది.

గీజర్‌ను ఇలా కొలవనక్కర్లేదు. 15 లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 55కి రావాలంటే దాదాపు 0.45 యూనిట్ పడుతుంది. ఇది ఏ బ్రాండైనా మారని లెక్క. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే మరుగుతుంటాయి కాబట్టి గీజర్ స్విచ్‌కు అప్పుడు సెలవు.

ఫ్రిజ్‌తోనే చిక్కు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక నిమిషం చూసి చెప్పలేం. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే చిన్న మీటరు కొని 24 గంటలు వదిలేస్తే 1.1 యూనిట్ చూపించింది. గీజర్‌కు, ఏసీకి అలాంటిది వాడాలనుకుంటే 16 ఆంపియర్‌దే తీసుకోండి, చిన్నది వేడెక్కి కరిగిపోతుంది.

ఇక ఏసీ ఉంది. ఈబీ లెక్కలో రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే 101–200 యూనిట్ల రేటు కూడా పైకి మారుతుంది. మాకు మే నెలలో ఆ గీత దగ్గరే టెన్షన్. ఇన్వర్టర్ ఏసీ వాట్లు నిమిషానికోలా మారతాయి కాబట్టి లైటు పద్ధతి పనికిరాదు. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి రీడింగ్ రాసి, అందులోంచి ఫ్రిజ్, ఫ్యాన్ల వాటా తీసేయాలని ప్లాన్. ముందు 24 డిగ్రీల దగ్గర వారం, తర్వాత 26 దగ్గర వారం.